అంటు, అంటరానితనం, అమ్మవారు: మారెమ్మ కథలో వెలివాడ యువకుడు

తెలుగు పల్లెల్లో మశూచిని రోగమని కాక అమ్మవారని పిలవడమే పరిపాటి. ఒంటిమీద పొక్కులు కనబడితే 'అమ్మవారు పోసింది' అనేవారు. కలరా వ్యాపిస్తే 'మహామారి వచ్చింది' అనేవారు. రోగం దేవత రాక అయినప్పుడు రోగ చరిత్ర దేవత చరిత్రలో భాగమవుతుంది. అందువల్ల మారెమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మ మొదలైన గ్రామదేవతల పుట్టుకను చెప్పే కథలు మత చరిత్రకు మాత్రమే గాక, అంటురోగాలను సమాజం ఎట్లా అర్థం చేసుకొన్నదో తెలిపే సాంఘిక చరిత్రకు కూడా ఆకరాలు.

ఈ కథల్లో ఒకదానికి కేంద్రం ఒక వెలివాడ యువకుడు. అతడు వేదం నేర్చుకొన్నాడు, కులం దాచి బ్రాహ్మణ కన్యను పెండ్లాడాడు, గుట్టు బయటపడగా దున్నపోతయ్యాడు. జాతరలో బలి అయ్యే దున్నపోతు అతడేనని కథ చెబుతుంది. ఈ కథను పరిశీలించినవారు ఎక్కువగా దేవత వైపునుండి, లేదా బలి పుట్టుక వైపునుండి చూశారు. యువకుని వైపునుండి చూస్తే వేరొక విషయం స్పష్టమవుతుంది. రోగానికి కారణాన్ని వెలివాడ మీద మోపిన సమాజమే ఆ రోగాన్ని ఊరు దాటించే పనిని కూడా వెలివాడకే అప్పగించింది. ఈ రెండింటినీ ఒకే కథలో ఇమిడ్చి, ఆ ఏర్పాటు న్యాయమైనదని నమ్మించడమే ఈ ఐతిహ్యం నిర్వహించిన సామాజిక కార్యం. ఈ ప్రతిపాదనను కథ, భాష, క్రతువు, వైద్య చరిత్ర, ఆధునిక సాహిత్యం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథా స్వరూపం

మద్రాసు బిషప్పుగా ఉన్న హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతలపై 1916లో ప్రకటించిన గ్రంథంలో ఈ కథను నమోదు చేశాడు. తెలుగు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ విల్బర్ థియొడోర్ ఎల్మోర్ 1915లో వెలువరించిన పరిశోధన గ్రంథం కూడా ఇటువంటి ఐతిహ్యాలను చర్చించింది. కన్నడ దేశంలో ద్యామవ్వ కథగా ఇదే ఇతివృత్తం ప్రచారంలో ఉంది. తమిళ దేశంలోని మారియమ్మ కథల్లోనూ దీని ఛాయలున్నాయి. అంటే ఇది ఒక ఊరి కల్పన కాదు. మూడు భాషా ప్రాంతాల్లో వేళ్ళూనిన కథ.

లభించే రూపాంతరాల సారం ఇది. ఒక ఊరి కరణం గుడ్డివాడు. అతనికి ఒక్కతే కూతురు. వేదాలు నేర్చిన ఒక వెలివాడ యువకుడు బ్రాహ్మణ వేషంలో ఆ ఊరికి వచ్చాడు. అతని పాండిత్యాన్ని చూసి ఊరి పెద్దలు నమ్మారు. వారి మాట మీద కరణం పిల్లనిచ్చాడు. సంసారం సాగింది, పిల్లలు పుట్టారు. కొంతకాలానికి యువకుని తల్లి వచ్చి కొడుకు ఇంట చేరింది. మాట వల్ల కులం బయటపడుతుందని, మూగదానిలా ఉండమని కొడుకు కట్టడి చేశాడు. ఒకనాడు కోడలు పిండివంట వడ్డించింది. దాన్ని రుచి చూసిన తల్లి, ఇది దున్నపోతు మాంసం తిన్నట్టే ఉన్నదని కొడుకుతో అన్నది. ఆ మాట కోడలి చెవిన పడింది. ఆమె తండ్రి వద్దకు వెళ్ళి, కుక్క ముట్టిన కుండను ఏం చేయాలని అడిగింది. కాల్చాలన్నాడు తండ్రి. ఆమె ఇంటికి నిప్పుపెట్టి అందులో దగ్ధమై, ఉగ్రదేవతగా లేచింది. భర్తను సంహరించింది. అతడు దున్నపోతయ్యాడు. కొన్ని కథనాల్లో పిల్లలు మేకపిల్లలు, గొర్రెపిల్లలు అయ్యారు. తనకు ఏటేటా జాతర చేయకపోతే రోగాలతో ఊరిని తుడిచిపెడతానని ఆమె హెచ్చరించింది.

కథలోని యువకుని నేరం ఏమిటన్న ప్రశ్నకు కథనం ఇచ్చే సమాధానం మోసం. అయితే అతని పాండిత్యం మోసం కాదు. అతనికి వేదం వచ్చునన్న విషయాన్ని కథ ఎక్కడా కాదనదు. పెద్దలు పరీక్షించి మెచ్చినది ఆ విద్యనే. దాచినది పుట్టుక ఒక్కటే. విద్య నిజమైనా పుట్టుక దాన్ని రద్దు చేస్తుందని చెప్పడానికే కథ అతణ్ణి పండితునిగా చిత్రించింది. కరణాన్ని గుడ్డివానిగా చిత్రించడంలోనూ ఇదే తర్కం ఉంది. చూపున్న ఊరి పెద్దలు కూడా యువకుని కులాన్ని కనిపెట్టలేకపోయారు. కులం కంటికి కనిపించే లక్షణమే అయితే వారు ఎట్లా పొరబడ్డారన్న ప్రశ్న సహజంగా పుట్టాలి. ఆ ప్రశ్న పుట్టకుండా కథ కరణం గుడ్డితనాన్ని ముందుకు తెచ్చింది.

గుట్టును బయటపెట్టింది అతని ప్రవర్తన కాదు, తల్లి నాలుక. ఆమె చేసిన తప్పు ఒక రుచిని మరొక రుచితో పోల్చడం మాత్రమే. తనకు తెలిసిన ఆహారం పేరు తన నోట చెప్పడమే నేరమైంది. మూగగా ఉన్నంతకాలం ఆ ఇంట ఆమెకు చోటున్నది. మాట్లాడిన క్షణంలో ఆ చోటు పోయింది.

అంటు: భాష చెప్పే సాక్ష్యం

కథలోని కుండ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి 'అంటు' అన్న తెలుగు మాట తోడ్పడుతుంది. అంటడం అంటే తాకడం. తిన్న గిన్నెలు అంటుగిన్నెలు. బహిష్టు, పురుడు, చావు సందర్భాల్లో పాటించేది అంటు. ఒకరినుండి ఒకరికి సోకేది అంటురోగం. తాకకూడదని కొందరిని దూరం పెట్టడం అంటరానితనం. పాత్ర, దేహం, రోగం, కులం నాలుగూ ఒకే ధాతువు కిందికి వచ్చాయి. ఒకే మాట కావడం వల్ల ఒకదాని లక్షణం మరొకదానికి సులభంగా బదిలీ అయింది.

మైలపడిన మట్టిపాత్రకు తిరిగి కాల్చడమే శుద్ధి అని మనుస్మృతి అయిదవ అధ్యాయం చెబుతుంది. లోహపాత్రను తోమి వాడుకోవచ్చు. మట్టిపాత్ర మైలను పీల్చుకొంటుందని భావన. కథలో కూతురు తనను మట్టికుండతో పోల్చుకొంది. భర్తను కుక్కతో పోల్చింది. తండ్రికి అసలు సంగతి తెలియదు. అతడు పాత్ర గురించి శాస్త్రం చెప్పాడు. ఆ శాస్త్రాన్ని ఆమె మనిషికి అన్వయించి ప్రాణం తీసుకొంది. ఈ దృష్టితో చూస్తే ఆమె చావుకు కారణం భర్త స్పర్శ కాదు, స్పర్శను గురించి ఆమెకు నేర్పిన నమ్మకం. యువకుడు, యువతి ఇద్దరూ ఒకే నమ్మకానికి బలి అయ్యారు. అయితే కథ ఆమెను దేవతను చేసింది, అతణ్ణి పశువును చేసింది.

మశూచి సోకిన ఇంటిలో పాటించిన నియమాలతో పోల్చినప్పుడు ఇక్కడి తేడా మరింత స్పష్టమవుతుంది. అమ్మవారు పోసిన ఇంట గుమ్మానికి వేపమండలు కట్టేవారు, తాళింపు పెట్టేవారు కాదు, పరాయివారిని లోపలికి రానిచ్చేవారు కాదు. పొక్కులు మాడి రోగి కోలుకొన్నాక నీళ్ళు పోసేవారు. దానితో ఆ ఇంటి అంటు తీరేది. రోగం వల్ల వచ్చిన అంటుకు ఒక గడువుంది, ఒక స్నానం ఉంది. పుట్టుక వల్ల వచ్చిందన్న అంటుకు గడువు లేదు, స్నానం లేదు. కథలోని యువకునికి నీళ్ళు పోసే ఘట్టం లేకపోవడానికి కారణం ఇదే.

క్రతువు: శిక్ష, సేవ

కథలోని సంహారం జాతరలో అక్షరాలా పునరావృతమవుతుంది. తెలుగు ప్రాంతంలో జరిగిన బలిని వైట్‌హెడ్ వర్ణించిన తీరు గమనించదగినది. దేవరకు విడిచిన దున్నపోతు తల నరికి, దాని కుడి ముంగాలిని నోట అడ్డంగా పెడతారు. కొవ్వును కళ్ళమీద కప్పుతారు. తలమీద దీపం వెలిగించి దేవత ముందు ఉంచుతారు. నెత్తురు కలిపిన అన్నాన్ని ఊరి పొలిమేర చుట్టూ చల్లుతారు. దీనికి పొలి అని పేరు. ఎల్మోర్ ఈ విధానాన్ని ఓడిన శత్రువుకు చేసే అవమానంగా వ్యాఖ్యానించాడు. ఆ వ్యాఖ్యానం పూర్వకాలపు జాతుల సంఘర్షణను ఊహిస్తుంది. కథను దగ్గరగా చదివితే అంత దూరం పోవలసిన పని లేదు. అవమానం పొందినవాడు ఎవరో కథే చెబుతోంది. నోరు మూయడం, కళ్ళు కప్పడం అన్న రెండు చేష్టలూ, మాట్లాడకూడని తల్లికీ చదవకూడని కొడుకుకూ విధించిన శిక్షలుగానే కనిపిస్తాయి.

అయితే ఈ క్రతువును నిర్వహించినది ఎవరు? దున్నపోతును నరికినది మాదిగలు. పంబ వాయించి దేవత కథ పాడినది మాలల్లోని పంబలవారు. జమిడిక మీద ఎల్లమ్మ కథ చెప్పినది బైండ్లవారు. ఆసాదులు దేవతను తిట్టిపోస్తూ పాడారు. పొలి గంప మోసినవారు, రాత్రివేళ పొలిమేర దాకా నడిచినవారు వెలివాడవారే. గంప మోసే మనిషిని భూతాలు పట్టుకొంటాయన్న భయంతో అతని చుట్టూ నిమ్మకాయలు కోస్తూ మనుషులు నడిచేవారు. రోగ శక్తి అంతా ఆ గంపలో ఉన్నదని ఊరు నమ్మింది. ఆ గంపను ఎవరి నెత్తిన పెట్టాలో కూడా ఊరే నిర్ణయించింది.

ఈ వృత్తి గాయక సంప్రదాయం ప్రాచీనమైనది. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు ఏకవీరాదేవి ఎదుట బవనీలు పరశురాముని కథలు పాడిన వర్ణన ఉంది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆ కావ్యాన్ని ఆకరంగా విస్తృతంగా వాడుకొన్నాడు. రాజధాని నగరంలో దేవత కథను ప్రౌఢంగా పాడగల విద్య ఆ గాయకులకు ఉన్నదని కావ్యమే సాక్ష్యం చెబుతుంది. వేదం నేర్చిన యువకుణ్ణి శిక్షించిన సమాజం, దేవత కథ నేర్చిన గాయకుణ్ణి అనుమతించింది. విద్యను అతడు ఏ హద్దులో ఉంచుకోవాలో దీనివల్ల తెలుస్తుంది.

ఆశ్రయమిచ్చినవారికి దండన: రేణుక, మాతంగి

ఏకవీర కథకు మూలమైన రేణుక వృత్తాంతం మారెమ్మ కథకు జోడుగా చదవవలసినది. తండ్రి ఆజ్ఞ మేరకు తల్లిని చంపబోయిన పరశురాముని నుండి తప్పించుకొని రేణుక మాదిగవాడలో దూరింది. ఆమెను కాపాడబోయిన స్త్రీ తల కూడా తెగింది. తిరిగి బ్రతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. ఒకరు ఎల్లమ్మగా, మరొకరు మాతంగిగా లేదా మారెమ్మగా పూజలందుకొంటున్నారని వివిధ కథనాలు. ఇక్కడ వెలివాడ స్త్రీ చేసిన పని మోసం కాదు, ఆశ్రయమివ్వడం. అయినా ఆమెకు దక్కినది కత్తివేటే. మారెమ్మ కథలో యువకుడు ఊరిలోకి వచ్చాడు; రేణుక కథలో ఊరే వెలివాడలోకి వచ్చింది. హద్దు దాటినవారు ఎవరైనా దండన మాత్రం ఒకే వైపు పడింది.

మాతంగి వ్యవస్థ ఈ కథకు సామాజిక రూపం. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథంలోనూ, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన కులాలు, తెగల సంపుటాల్లోనూ దీని వర్ణన ఉంది. మాతంగిగా ఎంపికైన మాదిగ యువతికి పెండ్లి లేదు. ఆవేశం వచ్చినప్పుడు ఆమె అగ్రవర్ణాలవారి మీద కల్లు ఉమ్మేది, వారిని తిట్టేది. వారు దాన్ని పావనంగా భావించి స్వీకరించేవారు. జాతర రోజున ఆమె ఉమ్మి శుద్ధి. మరునాడు ఆమె నీడ మైల. ఈ తలకిందుల గౌరవం ఆమె జీవితాన్ని మార్చలేదు. జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లతో యువతులను దేవతకు విడిచే ఆచారం లైంగిక దోపిడీకి దారితీసిన కారణంగానే 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. కథకూ బ్రతుకుకూ మధ్య దూరం ఎంత తక్కువో ఆ చట్టం నిరూపిస్తుంది.

టీకా వచ్చాక

ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో కనుగొన్న టీకాను భారతదేశంలో మొదటిసారి 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల పాపకు వేశారు. ఆ కాలంలో లసికను నిల్వచేసే సాధనాలు లేనందున టీకా పొక్కు లేచిన ఒక బిడ్డ చేతినుండి తీసి మరొక బిడ్డ చేతికి ఎక్కించేవారు. లసికను ఇచ్చే బిడ్డలు తరచుగా కింది కులాలవారు కావడంతో, తమ పిల్లల ఒంటిలోకి అది ఎక్కడానికి పై కులాలవారు అభ్యంతరం చెప్పిన సంగతిని వలసపాలన వైద్య చరిత్రను పరిశోధించిన డేవిడ్ ఆర్నాల్డ్ చర్చించాడు. రోగం నుండి కాపాడే పదార్థం కూడా పుట్టుక పరీక్షకు లోబడింది. మారెమ్మ కథలో విద్యకు పట్టిన గతే ఇక్కడ మందుకు పట్టింది.

కలరా విషయంలో అంటు తర్కం మరింత ప్రమాదకరమైనది. ఆ రోగకారక సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1884లో కలకత్తా చెరువు నీటిలో గుర్తించాడు. రోగం మనిషి పుట్టుక వల్ల కాక కలుషితమైన నీటి వల్ల వ్యాపిస్తుందని తేలింది. ఊరి బావిని ముట్టనీయకపోవడం వల్ల కుంటలు, కాలువల నీటి మీద ఆధారపడినది వెలివాడ. అంటే అంటరానితనం రోగాన్ని ఆపలేదు. రోగానికి ఎక్కువగా గురయ్యే స్థితిని వెలివాడకు కల్పించింది. అక్కడ రోగం వస్తే అది వారి మైలకు రుజువుగా చూపబడింది. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసిన ఈ పద్ధతి మారెమ్మ కథలోని పద్ధతే.

యువకుని గొంతు

మౌఖిక కథలో యువకుడు తన పక్షాన ఒక్క మాట మాట్లాడడు. ఎందుకు వేదం నేర్చాడో, ఎవరి వద్ద నేర్చాడో, భార్యను ప్రేమించాడో లేదో కథకు అక్కరలేదు. అయితే ఆ మౌనానికి సమాధానం వెలివాడ కథా సంప్రదాయంలోనే ఒకటుంది. చిందువారు ఆడే, డక్కలివారు చెప్పే జాంబపురాణం ఆదిజాంబవుణ్ణి భూమికంటె ముందు పుట్టినవానిగా కీర్తిస్తుంది. పుట్టుకను బట్టి తక్కువ చేసిన సమాజానికి పుట్టుకతోనే ఎదురు చెప్పడం ఆ పురాణ మార్గం.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ గొంతు కొత్త రూపాలు దాల్చింది. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మ జోగిని ఆచారానికీ జంతుబలికీ వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించి, పంచమ శబ్దాన్ని నిరాకరించి, తమవారు ఆదిఆంధ్రులని ప్రకటించాడు. అప్పటికి అతనికి 29 ఏండ్లు. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ ఆలయం తలుపులు మూసివేశారని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. పల్లె జాతరలో వెలివాడవారు లేనిదే అమ్మవారి పని సాగదు. కొండమీద అమ్మవారి గుడికి మాత్రం వారి రాక అపచారం. ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు మారెమ్మ కథలోని వైరుధ్యం చరిత్రలో కనిపిస్తుంది.

నల్లదొరతనాన్ని నిరసిస్తూ 1921లో గేయం రాసిన కుసుమ ధర్మన్న వృత్తిరీత్యా ఆయుర్వేద వైద్యుడు. శాస్త్రం నేర్చిన వెలివాడ యువకుడు వేషం మార్చకుండా, పేరు దాచకుండా రోగి నాడి పట్టుకోగలిగిన కాలానికి అతడు ప్రతినిధి. గుర్రం జాషువ 1941లో ప్రకటించిన గబ్బిలంలో అరుంధతీసుతుడు తన వేదనను కాశీ విశ్వనాథునికి నివేదించమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. తనకు ప్రవేశం లేని గుడిలో ఆ ప్రాణికి ప్రవేశముంది. లోకం అశుభమని తరిమే ప్రాణిని దూతగా ఎన్నుకోవడంలో కవి చూపు లోతైనది. మారెమ్మ కథలో మనిషి పశువై నోరు కోల్పోయాడు. గబ్బిలంలో వెలి అయిన మనిషి వెలి అయిన ప్రాణికి తన నోటిని అరువిచ్చాడు. రెండు రచనల మధ్య ప్రత్యక్ష సంబంధం ఉన్నదని చెప్పనక్కరలేదు. ఒకే సామాజిక స్థితికి పరస్పర విరుద్ధమైన రెండు సమాధానాలుగా వాటిని చదవవచ్చు.

ఉపసంహారం

భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980 మే నెలలో ప్రపంచమంతటా ఆ రోగం అంతరించినట్లు ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. మద్రాసు రాష్ట్రం 1950లో జంతుబలిని నిషేధించింది. చాలాచోట్ల దున్నపోతు స్థానంలో గుమ్మడికాయ కొడుతున్నారు. కథకు ఆధారమైన రోగం పోయింది, క్రతువు మారింది. పుట్టుకను మైలగా భావించే నమ్మకం మాత్రం ఆ రెండింటితో పాటు పోలేదు. రోగం, క్రతువు, కులం ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి కావని దీనివల్ల తేలుతుంది. కులానికి రోగం ఒక సాకు మాత్రమే.

మారెమ్మ కథను గ్రామదేవతల పుట్టుక కథగా మాత్రమే పాఠ్యాల్లోనూ సంకలనాల్లోనూ చేర్చడం అసమగ్రమవుతుంది. అందులో ఇద్దరు బాధితులున్నారు. ఒకరికి గుడి కట్టిన సంప్రదాయం మరొకరిని ఏటా నరికింది. జానపద సాహిత్య పరిశోధన కథను సేకరించేటప్పుడు, దాన్ని పాడే పంబలవారు, బైండ్లవారు, ఆసాదులు ఆ యువకుని ఘట్టాన్ని ఏ స్వరంలో పాడుతున్నారు, ఎక్కడ తగ్గిస్తున్నారు, ఎక్కడ దాటవేస్తున్నారు అన్న అంశాన్ని కూడా నమోదు చేయవలసి ఉంది. తమవాని చావును తామే పాడవలసి వచ్చిన గాయకుల గొంతులో, ముద్రిత కథనాల్లో కనిపించని చరిత్ర మిగిలి ఉండే అవకాశముంది.